వానచలికి గుర్రాన్ని కాచినవాళ్లు

మన వార్షికోత్సవ మలర్ అట్ట మీద కత్తి పట్టిన గుర్రపు రౌతు బొమ్మ వేసుకుంటూ ఉంటాం. విజయనగర సైన్యాలతో మన పెద్దలు ఈ తమిళ సీమకు దిగారన్నది మనకు గర్వం, ఉండవలసిందే. కానీ ఆ గుర్రానికి మేత వేసిందెవరు, ఐప్పసి వానలో తడిసి వస్తే ఒళ్లు తుడిచిందెవరు? వాళ్ల గురించి మనం రాసుకున్నది చాలా తక్కువ.

మేలుజాతి గుర్రాలు హోర్ముజ్, ఏడెన్ రేవుల నుంచి ఓడల్లో వచ్చేవి. 1292 ప్రాంతంలో పాండ్య దేశానికి వచ్చిన మార్కో పోలో, రాజు ఏటా 2,000కు పైగా గుర్రాలు కొంటాడనీ, ఏడాది తిరిగేసరికి 100 కూడా మిగలవనీ రాశాడు. గుర్రపు వైద్యం తెలిసినవాళ్లు ఇక్కడ లేరట, వర్తకులు వాళ్లను రానిచ్చేవారూ కాదట. గుర్రం చస్తేనే కదా మళ్లీ బేరం! మేతగా అన్నం, ఉడికిన మాంసం పెట్టేవారని కూడా అన్నాడు. అతను లెక్క కాస్త పెంచాడనే అనుకుందాం. రైల్వేలో ఏళ్లకేళ్లు లెక్కలు రాసినవాళ్లం, ఇంత నష్టం ఏ ఖాతాలోనూ చూడలేదు. తర్వాత సాళువ నరసింహరాయలు మూడు గుర్రాలకు వెయ్యి వరహాలిచ్చి, దారిలో చచ్చినవాటికి తోక చూపినా సొమ్ము చెల్లించేవాడని నూనిజ్ రాశాడు.

ఎడారి ఎండలో పెరిగిన జంతువు మన ఎండకే చచ్చిందంటే మేము నమ్మం. మేత తప్పు, తడి తప్పు. గుర్రం పొడి చలికి ఓర్చుకుంటుంది. వెంట్రుకల మధ్య నిలిచిన గాలే దానికి కంబళి. వానలో తడిసి గాలి తగిలితే ఆ కంబళి పోతుంది. ఇక దాని పొయ్యి కడుపులోనే ఉంది. గడ్డి పెద్దపేగులో పులిసేటప్పుడు వేడి పుడుతుంది, కాబట్టి చలిరోజుల్లో ముందు పెంచవలసింది ఎండుగడ్డి, గింజలు కాదు. ఉలవలు బలమే, కానీ కొలత తప్పితే కడుపునొప్పి, గిట్టల వాపు. మా చదువంతా తమిళంలో కనుక సామెత కూడా తమిళంలోనే గుర్తొస్తుంది: ఇళైత్తవనుక్కు ఎళ్ళు, కొళుత్తవనుక్కు కొళ్ళు. బక్కవాడికి నువ్వులు, బలిసినవాడికి ఉలవలు.

లాయం కప్పు కారకూడదు, నేల పొడిగా ఉండాలి. అలాగని చలికి భయపడి తలుపులన్నీ బిగించకూడదు, ఉచ్చ ఘాటు ఊపిరితిత్తులను చెడగొడుతుంది. బూజు గడ్డి దగ్గు తెస్తుంది. మార్గళి తెల్లవారుజామున చన్నీళ్లు సరిగా తాగకపోతే ఎండుమేత పేగులో బిగుసుకుంటుంది, అప్పుడు గోరువెచ్చని నీళ్లు పెట్టాలి.

ఈ విద్య మనవాళ్లకు లేకపోలేదు. మనుమంచి భట్టు తెలుగులోనే హయలక్షణ విలాసము రాశాడు. తంజావూరు సరస్వతీ మహల్ నకులుడి పేరున్న అశ్వశాస్త్రాన్ని రంగుల బొమ్మలతో అచ్చువేసింది. సాహిణి అంటే గుర్రపు దళం పెద్ద. భాస్కర రామాయణం అంకితం పుచ్చుకున్నది అలాంటి సాహిణి మారన. దొరకు కావ్యం దక్కింది. రాత్రి లేచి తడి గడ్డి తీసి పొడి గడ్డి పరిచినవాడి పేరు శ్రీరంగం శేషరాయ మంటపంలో దూకే రాతిగుర్రాల కింద వెతికినా దొరకదు.

మీ ఇంటిపేర్లలో, ముసలివాళ్ల మాటల్లో లాయం, ఉలవలు, గుర్రపు మందులు ఏమైనా మిగిలి ఉంటే రాసి పంపండి. వచ్చే మలర్‌లో రెండు పేజీలు వాళ్లకు అడుగుదాం.