గాలివాన లెక్క

ముసునూరు, నూజివీడు వైపు మామిడి రైతుని ఏప్రిల్లో కలవరపెట్టేది తుఫాను కాదు. తుఫాను గురించి రెండు మూడు రోజుల ముందే కబురు వస్తుంది. అసలు భయం సాయంత్రపు గాలివానది. మధ్యాహ్నం దాకా మండే ఎండ, ఆపైన కారుమబ్బు, ఓ పావుగంట ఈదురుగాలి. అంతే, పండవలసిన బంగినపల్లి, చిన్నరసం రాలుకాయల రాశిలోకి చేరి పచ్చడి ధరకి పోతాయి.

తుఫాను వందల కిలోమీటర్ల మేర ఉంటుంది. ఉరుముల మేఘం వెడల్పు పది, ఇరవై కిలోమీటర్లు. చాలా మేఘాల ఆయుష్షు ఒక గంట. కింద వేడి, బంగాళాఖాతం నుంచి తేమ, పైన చల్లటి పొడిగాలి, ఈ మూడూ కలిస్తే మేఘం నిలువునా లేస్తుంది. అందులోంచి పడే వాన కొంత ఆవిరై గాలిని చల్లబరుస్తుంది. బరువెక్కిన ఆ గాలి దభాలున కిందికి దిగి నేలంతా పరుచుకుంటుంది. కాయలు రాల్చేది అదే. రోజు అనుకూలమా కాదా అన్నది ముందే చెప్పచ్చు. ఏ ఊరి మీద అన్నది చెప్పడమే కష్టం.

మరి ఇలాంటి జోస్యం నిజమైందో లేదో ఎలా కొలవాలి? ఈ ప్రశ్న 1884లో అమెరికాలో మొదలైంది. సైన్యంలో పనిచేసే జాన్ ఫిన్లీ టోర్నడో వస్తుందనో రాదనో 2,803 సార్లు చెప్పి, 96.6 శాతం నిజమయ్యాయన్నాడు. గిల్బర్ట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ లెక్క విప్పి చూశాడు. వచ్చినవి 51, ఫిన్లీ పట్టుకున్నవి 28, వస్తాయని చెప్పినా రానివి 72. కళ్ళు మూసుకుని ప్రతిసారీ 'రాదు' అని ఉంటే 98.2 శాతం నిజమయ్యేది! ఆ తర్వాత జనం బెదిరిపోతారని అక్కడి వాతావరణ శాఖ దశాబ్దాల పాటు జోస్యాల్లో 'టోర్నడో' అన్న మాటే వాడనివ్వలేదు. 1948 మార్చి 25న ఓక్లహోమాలోని టింకర్ వైమానిక స్థావరంలో ఫాబుష్, మిల్లర్ అనే ఇద్దరు అధికారులు ముందే హెచ్చరించారు. విమానాలని భద్రం చేశారు. సాయంత్రం టోర్నడో వచ్చింది.

ఇప్పుడు మచిలీపట్నం డాప్లర్ రాడార్‌కి ముసునూరు సుమారు 70 కిలోమీటర్ల దూరం. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ పిడుగుల హెచ్చరికలు ఫోన్లకి పంపుతోంది. 2018 ఏప్రిల్ 24న పదమూడు గంటల్లో ఆ సంస్థ లెక్కపెట్టిన పిడుగులు 36,749.

గంట ముందు వచ్చిన కబురుతో తోటని కోయలేం. కూలీలు చెట్టు కిందనించి లేచి పక్కా ఇంట్లోకి వెళ్ళగలరు. మబ్బు తేలిపోతే పోయేది ఒక గంట కూలి. హెచ్చరిక రాకపోతే పోయేది ప్రాణం. ఈ రెండింటినీ శాతాల్లో ఒకే గాటన కట్టకూడదని గిల్బర్ట్ లెక్క చూస్తే తెలుస్తుంది. కాయకి కావలసింది వేరే లెక్క: ఏ వారంలో గాలి ప్రమాదం ఎంత, కోత ఎంత ముందుకి జరపచ్చు, బీమా ఎంత ఉండాలి. ఫోన్‌కి వచ్చే హెచ్చరిక మనిషిని కాపాడుతుంది. తోట సంగతి ఇంకా మిగిలే ఉంది.