‘పెళ్ళయిందా?’ - ఒక ప్రశ్న, ఒక పరికరం

మొదటిసారి గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళే అమ్మాయికి మన దగ్గర ఎవరూ ఏమీ చెప్పరు. ముట్టు గురించి ఎంతో కొంత చెప్పే తల్లులు కూడా ఆ గదిలో ఏం జరుగుతుందో చెప్పరు. వాళ్ళకీ ఎవరూ చెప్పలేదు మరి. మనలో చాలామందికి ఆ గది పరిచయమయ్యేది గర్భంతోనే. అంతకుముందే వెళ్ళాల్సి వస్తే, ముట్టు సరిగా రాకో, నొప్పి భరించలేకో, తెల్లబట్ట ఆగకో వెళితే, పక్కన తల్లో అత్తో ఉంటుంది. డాక్టరు అడిగే తొలి ప్రశ్నల్లో ఒకటి ‘పెళ్ళయిందా?’ అన్నది. చాలాసార్లు జవాబు చెప్పేది కూడా ఆ తోడు వచ్చినామే.

డాక్టరుకి నిజంగా తెలియాల్సింది శారీరక సంబంధం ఉందా లేదా అన్నది. గర్భానికి అవకాశం ఉందా, లోపలి పరీక్ష చెయ్యాలా, ఏ టెస్టులు రాయాలి అన్నవి దాన్నిబట్టి ఉంటాయి. దానికి మన సమాజం పెళ్ళి అని పేరు పెట్టుకుంది. పెళ్ళికానివాళ్ళు, భర్త పోయినవాళ్ళు, విడిపోయినవాళ్ళు, ఇంకో స్త్రీతో జీవితం పంచుకుంటున్నవాళ్ళు ఈ ప్రశ్న దగ్గరే నిజం చెప్పడం మానేస్తారు. ఈ ప్రశ్నకీ, ఆ గదిలో ట్రేలో కనిపించే స్పెక్యులం అనే పరికరానికీ చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే ఆ గదిలో మనం ఏం ఆశించవచ్చో, ఏం అడగవచ్చో కూడా తెలుస్తుంది.

యోనిని తెరిచి లోపలికి చూసే పరికరాలు పాంపే శిథిలాల్లోనూ దొరికాయి. అయితే ఆధునిక గైనకాలజీ తన పుట్టుకను చాలాకాలం అమెరికాలోని అలబామా రాష్ట్రం, మాంట్‌గొమరీ పట్టణం నుంచి చెప్పుకుంది. 1845-49 మధ్య జేమ్స్ మేరియన్ సిమ్స్ అనే డాక్టరు అక్కడ బానిస స్త్రీల మీద శస్త్రచికిత్సలు చేశాడు. కష్టమైన కాన్పుల వల్ల మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడి, మూత్రం ఆగకుండా కారిపోయే ఫిస్టులా వాళ్ళ జబ్బు. లోపల సరిగా కనబడడానికి ఆయన ఒక చెంచా కాడను వంచి వాడాడు. ఆయన పేరుతో పిలిచే స్పెక్యులం దాని నుంచే వచ్చింది. ఆ స్త్రీలలో ముగ్గురి పేర్లే మిగిలాయి: అనార్కా, బెట్సీ, లూసీ. అనార్కాకి అప్పుడు పదిహేడేళ్ళు. ఆమె మీద దాదాపు 30 ఆపరేషన్లు జరిగాయి, మత్తు లేకుండా. ఈథర్ మత్తు గురించి 1846లోనే లోకానికి తెలిసింది. అయినా అది వీళ్ళదాకా రాలేదు.

వాళ్ళు కూడా నయం కావాలనే కోరుకున్నారని సిమ్స్ రాసుకున్నాడు. కోరుకునే ఉంటారు, ఆ బాధ అలాంటిది. కానీ ‘వద్దు’ అనే హక్కే లేని మనిషి ‘సరే’ అంటే దానికి ఏం విలువ ఉంటుంది? చట్టం దృష్టిలో ఆ దేహాలు యజమానుల సొత్తు. సిమ్స్ విగ్రహాన్ని న్యూయార్క్ సెంట్రల్ పార్కు నుంచి తీసెయ్యడానికి 2018 దాకా పట్టింది. మాంట్‌గొమరీలో ఆ ముగ్గురి శిల్పాలు 2021లో వెలిశాయి. మిషెల్ బ్రౌడర్ అనే నల్లజాతి కళాకారిణి పాత ఇనుప సామానుతో వాటిని చేసింది.

అమెరికాలో యజమాని చేసిన పనిని బ్రిటన్‌లో, మన దేశంలో చట్టం చేసింది. సైనికులకు సుఖవ్యాధులు రాకుండా 1864, 1866, 1869లలో బ్రిటన్ అంటువ్యాధుల చట్టాలు తెచ్చింది. వేశ్య అని పోలీసు అనుమానిస్తే చాలు, ఆ స్త్రీకి స్పెక్యులంతో పరీక్ష. ఒప్పుకోకపోతే జైలు. వ్యాధి ఉంటే లాక్ హాస్పిటల్‌లో నిర్బంధం. ఆమె దగ్గరికి వెళ్ళిన సిపాయికి ఈ పరీక్ష లేదు. మన దేశంలో 1868లో ఇలాంటి చట్టమే వచ్చింది, మద్రాసు నగరంలోనూ అమలైంది. మద్రాసు ప్రెసిడెన్సీకి లాక్ హాస్పిటళ్ళు అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచే తెలుసు. బ్రిటన్‌లో జోసెఫిన్ బట్లర్ నాయకత్వాన మధ్యతరగతి స్త్రీలు ఈ పరీక్షను అత్యాచారమేనని బాహాటంగా అన్నారు. సభ్యత గల స్త్రీలు పలకకూడని మాటలను వేదికలెక్కి పలికారు. అక్కడి చట్టాలు 1886లో, ఇక్కడిది 1888లో రద్దయ్యాయి. అయినా కంటోన్మెంట్లలో ఆ పరీక్షలు ఆగలేదని, 1892 ప్రాంతంలో ఉత్తరాది కంటోన్మెంట్లు తిరిగి చూసిన ఎలిజబెత్ ఆండ్రూ, కాథరిన్ బుష్నెల్ బయటపెట్టారు.

‘మంచి’ స్త్రీ, ‘చెడ్డ’ స్త్రీ అన్న విభజన అలా పరీక్ష బల్ల దాకా వచ్చింది. ‘చెడ్డ’ స్త్రీని బలవంతంగా పరీక్షించారు. ‘మంచి’ స్త్రీని జబ్బుతో చావనైనా చావనిచ్చారు గానీ మగ డాక్టరుకి చూపించలేదు. ఈ రెండోదాన్ని మద్రాసులో కళ్ళారా చూసిన మేరీ షార్లీబ్ 1875లో మరో ముగ్గురు స్త్రీలతో కలిసి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరింది. ఇంగ్లండులో పై చదువు ముగించుకుని తిరిగొచ్చాక, 1885లో అక్కడ గోషా స్త్రీల ఆసుపత్రి మొదలుకావడానికి కారకురాలయింది. ఈనాటి తిరువళ్ళిక్కేణి కస్తూర్బా గాంధీ ఆసుపత్రి అదే. ఆనాటి దాని పేరులో ‘గోషా’తో పాటు ‘కులం’ అన్న మాట కూడా ఉండేది. ఎవరి సిగ్గును కాపాడాలన్న విషయంలో సమాజానికి స్పష్టత ఉందన్నమాట. లేడీ డాక్టరు రావడం ఎంతో పెద్ద విజయం. కానీ దానితో బల్ల మీదున్న స్త్రీకి తన పరీక్ష గురించి తెలుసుకునే హక్కు దానంతట అది రాలేదు. కాన్పు గదుల్లో తిట్లూ దెబ్బలూ తిన్న పేద స్త్రీలను అడిగితే, కొట్టిన చెయ్యి చాలాసార్లు ఆడమనిషిదేనని చెప్తారు.

ఆ హక్కు కోసం స్త్రీలు పరికరాన్నే తమ చేతిలోకి తీసుకున్నారు. 1971 ఏప్రిల్ 7న లాస్ ఏంజిలెస్‌లోని ఒక చిన్న స్త్రీవాద పుస్తకాల దుకాణంలో కారల్ డౌనర్ ఒక ప్లాస్టిక్ స్పెక్యులం, అద్దం, టార్చిలైటు సాయంతో తన గర్భాశయ ముఖద్వారాన్ని తను చూసుకుని, తక్కిన స్త్రీలకు చూపించింది. మరుసటి ఏడాది లైసెన్సు లేకుండా వైద్యం చేస్తోందని ఆమెను అరెస్టు చేశారు. ఒక స్నేహితురాలి ఫంగస్ ఇన్ఫెక్షన్‌కి పెరుగు పూసిందన్నది అభియోగం! జ్యూరీ ఆమెను నిర్దోషి అంది. మన దగ్గర హైదరాబాదు స్త్రీవాదులు తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం ఈ పనినే తెలుగులో చేసింది. తెల్లబట్ట నుంచి కుటుంబ నియంత్రణ ఆపరేషను దాకా, డాక్టర్ని అడగలేక మింగేసిన ప్రశ్నలకు మన మాటల్లో జవాబులిచ్చింది.

‘పెళ్ళయిందా?’ అన్న ప్రశ్నకి మరో రూపం కోర్టుల్లో చూశాం. మథుర కేసులో డాక్టరు పరీక్ష ఫలితమే ఆమెకి ‘అలవాటే’ అన్న ముద్ర వెయ్యడానికి సాక్ష్యమయింది. 1978లో సుప్రీంకోర్టు పోలీసులను విడిచిపెట్టింది. రెండు వేళ్ళ పరీక్ష స్త్రీ గౌరవానికి భంగమని అదే కోర్టు 2013లో చెప్పింది. అయినా ఆగకపోవడంతో, ఆ పరీక్ష చేసేవాళ్ళు దుష్ప్రవర్తన కింద దోషులవుతారని 2022లో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. కన్నెపొర చూసి ఒక స్త్రీ గతం చెప్పడం సాధ్యం కాదని వైద్యశాస్త్రమే అంటోంది. చికిత్స కోసం చేసే పరీక్షకీ, శీలం కొలిచే పరీక్షకీ మధ్య గీత గియ్యడానికే మనకి ఇన్నేళ్ళు పట్టింది.

ఇంతకీ ఈ రోజు మొదటిసారి వెళ్ళే అమ్మాయి ఏం ఎదురుచూడాలి? చాలాభాగం మాటలే ఉండాలి. ఆఖరి ముట్టు ఎప్పుడు, ఎన్నాళ్ళు, ఎంత అవుతోంది, నొప్పి ఎలాంటిది, వాడుతున్న మందులేమిటి అని అడుగుతారు. బరువు, బీపీ చూస్తారు. పొట్ట నొక్కి చూస్తారు. శారీరక సంబంధం గురించిన ప్రశ్నకు తోడు వచ్చినవాళ్ళను బయట కూర్చోబెట్టమని అడగవచ్చు. లోపలి పరీక్ష చాలామందికి మొదటిసారి అవసరమే ఉండదు. ఏ బాధా లేని, గర్భవతులు కాని స్త్రీలకు దాన్ని మామూలు తనిఖీగా చెయ్యవద్దని అమెరికన్ ఫిజీషియన్ల కాలేజీ 2014లోనే చెప్పింది. శారీరక సంబంధం లేనివారికి స్కానింగ్ పొట్ట మీది నుంచే చేస్తారు. నిజంగా అవసరమైతే స్పెక్యులంతో కొద్ది నిమిషాలు చూస్తారు. ఆ తర్వాత రెండు వేళ్ళు లోపల పెట్టి, రెండో చెయ్యి పొట్ట మీద ఉంచి గర్భసంచినీ అండాశయాలనీ తడిమి చూస్తారు. ఈ రెండు వేళ్ళు వెతికేది వాపునీ గడ్డనీ మాత్రమే. ఎందుకు చేస్తున్నారో ముందు చెప్పాలి. కప్పుకోవడానికి దుప్పటి ఇవ్వాలి. చిన్న సైజు పరికరం అడగవచ్చు. పక్కన ఒక స్త్రీ ఉండాలని అడగవచ్చు. నొప్పి పుడితే ఆపమనవచ్చు, ఆపాలి కూడా. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు కోసం 30 ఏళ్ళ నుంచి చేయించుకోమనే హెచ్‌పీవీ పరీక్షకి నమూనాను స్త్రీలే స్వయంగా తీసుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఇప్పుడది అధికారిక సలహా.

ఇదంతా మర్యాదకి సంబంధించిన విషయమని ఎవరైనా అనుకుంటే రెండు సంగతులు చెప్పాలి. ఢిల్లీలో 1995లో ఒక 44 ఏళ్ళ అవివాహిత లోపల ఏముందో చూసే పరీక్షకి ఒప్పుకుని బల్లెక్కింది. ఆమె మత్తులో ఉండగా డాక్టరు ఆమె తల్లి సమ్మతి తీసుకుని గర్భసంచినీ అండాశయాలనీ తీసేసింది. 2008లో సుప్రీంకోర్టు ఆ సమ్మతి చెల్లదంది. పరీక్షకి ఒప్పుకోవడం ఆపరేషనుకి ఒప్పుకోవడం కాదంది. పరిహారం 25 వేల రూపాయలు ఇప్పించింది. రెండోది మన గురించి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తెలంగాణ రెండో స్థానంలో ఉంది. తెల్లబట్ట అవుతోందనో, నడుము నొప్పనో డాక్టరు దగ్గరికి వెళ్ళి, ‘క్యాన్సరొస్తుంది, తీయించెయ్యి’ అన్న మాట విని, ఎందుకని అడగకుండా తిరిగొచ్చిన కూలి స్త్రీలు ఈ అంకెల్లో ఉన్నారు.

‘ఎందుకు?’ అని అడగడం ఆపరేషను రోజున హఠాత్తుగా రాదు. మొదటిసారి ఆ గదిలో అడుగుపెట్టినప్పుడే అలవాటు కావాలి. కూతుళ్ళకీ విద్యార్థినులకీ ఆ గది గురించి ముందే చెప్పడం మనం చెయ్యగలిగిన పని. అనార్కా గురించి కూడా చెబుదాం.