ఒకే చేతి రెండు ప్రతులు

1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుండి మన పెద్దల తొలి జట్టును డర్బనుకు చేర్చింది. గుమాస్తా చెవికి వినబడినట్లే పేర్లు ఓడ పట్టీలోకెక్కాయి. దాన్ని చూసి మరొకరు ప్రతి ఎత్తితే, ఆ పేరు మళ్ళీ మారవచ్చు.

ఒకే రాతకు రెండు ప్రతులు తీసే ఉపాయానికి ఇంగ్లండులో రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ 1806లోనే పేటెంటు పొందాడు. సిరా పట్టించి ఆరబెట్టిన కాగితాన్ని నడుమ పెట్టి రాయడమే అది. 1950లలో అమెరికాలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ ఆ నడిమి కాగితాన్నే తీసివేసింది. పై కాగితం అడుగున రంగులేని రసాయనం నిండిన, కంటికానని గుళికల పూత. కింది కాగితం మీద బంకమట్టి పూత. కలం ఒత్తిడికి గుళికలు పగిలి, రసాయనం మట్టిని తాకి నీలి అక్షరమవుతుంది.

అదే చేయి, అదే అక్షరం. మన ఇంటిపేరు, ఊరిపేరు ఇకనైనా మన చేతితో, తెలుగులో, రెండు ప్రతులుగా రాసుకుందాం, ఒకటి పిల్లలకిద్దాం.