బొబ్బిలి స్తంభము చెంత

రావికమతమునుండి చోడవరము మీదుగా అనకాపల్లి చేరి, అచట రైలెక్కి విజయనగరమున దిగి, రాయపూరు మార్గమున పోవు బండి పట్టినచో నాటి సాయంకాలమునకే బొబ్బిలి చేరవచ్చును. ఇది మా ప్రాంతమువారికి దూరప్రయాణము కాదు. అయినను మాలో పెక్కుమంది బొబ్బిలిని చెవులతో ఎరిగినవారే గాని కన్నులతో చూచినవారు కారు. తంబుర మీటుచు కథకులు పాపరాయుని పౌరుషమును పాడుచుండ మేను పులకరించిన బాల్యము నాదియును. ఆ కథ జరిగిన నేలను చూడవలెనను కోరికతో మనుమరాలిని వెంటబెట్టుకొని అచటికి పోతిని.

జరిగిన సంగతి సంగ్రహముగా ఇది. నైజాము నవాబగు సలాబత్ జంగు 1753లో ఉత్తరసర్కారులను ఫ్రెంచివారికిచ్చెను. వారి సేనాని బుస్సీ కప్పము వసూలు చేయుటకై ఈ సీమకు వచ్చెను. విజయనగర ప్రభువైన విజయరామరాజు అతనికి చేయూతనిచ్చి, తనకు పొరుగువారును చిరకాలవైరులును అగు బొబ్బిలివారిని స్థలభ్రష్టులను చేయుటకు యత్నించెను. బొబ్బిలిని విడిచి మరియొకచోట భూములు పుచ్చుకొనుమని బుస్సీ కోరగా రంగారావు పితృభూమిని వీడనొల్లడయ్యెను. 1757 జనవరి 24వ తేదీని ఫిరంగులు మట్టికోటను బ్రద్దలు చేసెను. కోట నిలువదని తేలినంతనే లోపలి పురుషులు తమ స్త్రీలను, బిడ్డలను తమ చేతులతోనే చంపి, ఇండ్లకు నిప్పంటించి, పిమ్మట పోరాడి మడిసిరి. కొన్ని దినములకు తాండ్ర పాపరాయుడు రాత్రివేళ విజయరామరాజు గుడారమున జొరబడి అతనిని పొడిచి చంపి, తానును హతుడయ్యెను.

ఆ యుద్ధమునకు గురుతుగా 1891లో నెలకొల్పిన స్తంభము అచట నిలిచియున్నది. దాని చెంత నేనీ కథ చెప్పుచుండగా మనుమరాలు, “తాతగారూ, ఆ పిల్లలనెవరు చంపిరి?” అని అడిగెను. “వారి తండ్రులే, అమ్మా” అంటిని. “వారికి చావవలెనని ఉండెనా?” అని మరల అడిగెను. ఏబది యేండ్లుగా నేను విన్న కథలో ఆ ప్రశ్నకు బదులు లేదు.

జాతిహననమను నేరమునకు లెమ్కిన్ అను న్యాయవాది 1944లో పేరు పెట్టెను. 1948లో ఐక్యరాజ్యసమితి దానిని నిషేధించుచు ఒడంబడిక చేసెను. ఒక జాతిని జాతియను కారణముననే రూపుమాపబూనుట ఆ నేరము. ఇద్దరు జమీందారుల వైరమునుండి పుట్టిన బొబ్బిలి మారణమును ఆ పేరుతో పిలుచుట సరికాదు. అయినను అట్టి నేరములకు గుర్తుగా నిలిచిన స్థలములనుండి మనము నేర్వదగిన పాఠమొకటి కలదు. పోలండు దేశమున ఔష్విట్జు శిబిరమును 1947లో ప్రదర్శనశాలగా చేసి, చంపబడినవారి పాదరక్షలను, పెట్టెలను సందర్శకులకు చూపుచున్నారు. 1994లో మారణకాండ జరిగిన ర్వాండా దేశమున, రెండున్నర లక్షలకు పైగా మృతులు నిద్రించు కిగాలీ స్మారకమున, పిల్లలకై ప్రత్యేకముగా ఒక భాగము కలదు. బిడ్డ చిత్రము, పేరు, వయస్సు, ఇష్టమైన తిండి అచట వ్రాసియున్నవి. ఆ గోడల ముందు నిలిచినవానికి వీరరసము కలుగదు. చనిపోయినది ఎవరో తెలియును.

మన బొబ్బిలి కథలో రంగారావు పేరు, వెంగళరావు పేరు, పాపరాయుని పేరు, మల్లమదేవి పేరు నిలిచినవి. తక్కిన స్త్రీల పేర్లు, బిడ్డల పేర్లు బూడిదలో కలిసెను. వారి చావును మానరక్షణమని మనము మెచ్చుకొంటిమి. వారి మానమునకు వెల కట్టినవారు పురుషులు. ఆ వెలను ప్రాణములతో చెల్లించినవారు స్త్రీలు, శిశువులు. శత్రుసైన్యము చేత చిక్కిన స్త్రీలకు ఆనాడు ఎట్టి గతి పట్టెడిదో ఎరుగనివాడనుగాను. ఆ పురుషుల భయము బూటకమనను. కాని భయముచేత జరిగిన దానిని ఆదర్శమని మన బిడ్డలకు నేర్పుట వేరు. కుటుంబ గౌరవము పేర కూతురి ప్రాణము తీయు తండ్రులు నేటికిని వార్తాపత్రికలలో కానవచ్చుచున్నారు.

ఆ దినమున వేరుదారి త్రొక్కినవాడొకడు లేకపోలేదు. సమకాలికుడైన ఓర్మ్ అను ఆంగ్ల చరిత్రకారుడు వ్రాసినదానినిబట్టి, మారణము ముగిసిన పిమ్మట ఒక వృద్ధుడు ఒక బాలుని చేతబట్టుకొని ఫ్రెంచి అధికారి ఎదుటికి వచ్చి, ఇతడు రంగారావు కుమారుడనియు, తండ్రి తలంపునకు విరుద్ధముగా తాను కాపాడితిననియు చెప్పెను. శత్రువులు ఆ బాలుని చంపలేదు. బొబ్బిలి వంశము నిలిచినది అతని వలననే. కత్తి దూసినవారి పేర్లు మనకు కంఠస్థములు. బిడ్డను బ్రదికించిన ముసలివాని పేరు ఓర్మ్ సైతము వ్రాయలేదు.

తిరుగు ప్రయాణమున మనుమరాలు ఆ వృద్ధుని కథనే మరల మరల చెప్పించుకొనెను. పాఠకులలో ఎవరైన బొబ్బిలికి పోయినచో పాపరాయునికి నమస్కరింపుడు, తప్పు లేదు. కాని ఆ స్తంభము చెంత ఒక నిమిషము మౌనముగా నిలిచి, పేరులేని ఆ బిడ్డలను, పేరులేని ఆ ముసలివానిని తలంచుడు.