వెండితెర మీద అంతరిక్షయానం



ఆకాశంలో ఎగరడం తెలుగు సినిమాకు కొత్త కాదు. నారదుడు మబ్బుల మీద నడిచి రావడం, దేవతలు విమానాల్లో దిగి రావడం మీరు టూరింగు టాకీసుల్లో నేల మీద కూర్చుని చూసిన వాళ్ళే. కాని రాకెట్టు ఎక్కి, శాస్త్రం చెప్పిన లెక్క ప్రకారం అంతరిక్షంలోకి వెళ్ళే మనిషి కథను మన సినిమా ఎప్పుడు చెప్పింది? తెర మీద ఆ చుక్కలనూ, ఆ నౌకలనూ నిలబెట్టే చేతులు ఎవరివి? ఈ రెండు ప్రశ్నలూ పట్టుకుని బయలుదేరితే, దారి మన పొరుగున బెంగుళూరు అంచున ఉన్న వైట్‌ఫీల్డ్ దాకా వస్తుంది.

ముందు ప్రపంచం సంగతి చూద్దాం. 1902లో ఫ్రాన్సులో జార్జ్ మెలియే అనే ఆయన చంద్రయానం మీద చిన్న సినిమా తీశాడు. ఆయన వృత్తిరీత్యా ఇంద్రజాలికుడు. అందులో మనుషులను పెద్ద ఫిరంగి గుండులో కూర్చోబెట్టి పేలిస్తే, అది వెళ్ళి చంద్రుడి కంట్లో గుచ్చుకుంటుంది. అదంతా వినోదం. 1929లో జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన చంద్రయాన చిత్రం అలా కాదు. హెర్మన్ ఓబెర్త్ అనే రాకెట్టు శాస్త్రజ్ఞుడు దానికి సలహాదారు. రాకెట్టు వదిలే ముందు అంకెలను వెనక్కి లెక్కపెట్టడం జనానికి పరిచయమైంది ఆ సినిమాతోనే. శ్రీహరికోట నుంచి ప్రయోగం జరిగేటప్పుడు మీరు వినే ఆ లెక్క ముందు వెండితెర మీద కనిపించింది, తర్వాతే ప్రయోగశాలకు చేరింది. కథ శాస్త్రానికి దారి చూపడమంటే ఇదే.

ఇక మన దక్షిణాదికి వద్దాం. 1963లో తమిళంలో 'కలై అరసి' వచ్చింది. వేరే గ్రహం వాళ్ళు తమకు సంగీతం నేర్పించడానికి భూమి మీది గాయనిని ఎత్తుకుపోతారు. ఆ గాయని పాత్ర వేసింది మన భానుమతిగారే.

తెలుగులో మాత్రం నైపుణ్యం ముందు వచ్చింది, అంతరిక్ష కథ చాలా ఆలస్యంగా వచ్చింది. అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డిగారు 1957లో 'మాయాబజార్' తీశారు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ ఆంగ్లో ఇండియన్. ఆయన తెర మీద వెన్నెల కాయించాడు. కంప్యూటరు లేని రోజుల్లో చేసిన ఆ పని నేటికీ చెక్కుచెదరలేదు.

ఆ కె.వి. రెడ్డిగారి దగ్గర శిష్యరికం చేసినవారు నెల్లూరు జిల్లాకు చెందిన సింగీతం శ్రీనివాసరావుగారు. శ్రీహరికోట కూడా అప్పట్లో ఆ జిల్లాలోనిదే. 1979 ఆగస్టు 10న అక్కడి నుంచి ఎగిరిన మొదటి ఎస్.ఎల్.వి. రాకెట్టు సముద్రంలో పడింది. 1980 జులై 18న రెండోది రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. సరిగ్గా పదకొండేళ్ళకు, 1991 జులై 18న, సింగీతంగారి 'ఆదిత్య 369' విడుదలైంది. అది కాలయంత్రం కథ. 1526 నాటి విజయనగరానికీ, అక్కడి నుంచి 2504వ సంవత్సరానికీ తీసుకుపోతుంది. కాలంలో ప్రయాణమే కాని అంతరిక్షంలో కాదు.

అసలైన అంతరిక్షయానం కోసం తెలుగు ప్రేక్షకుడు మరో 27 ఏళ్ళు ఆగాడు. 2018 జూన్‌లో తమిళంలో 'టిక్ టిక్ టిక్', డిసెంబరు 21న సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో తెలుగులో 'అంతరిక్షం 9000 కె.ఎం.పి.హెచ్.' వచ్చాయి. అదుపు తప్పిన ఉపగ్రహాన్ని సరిచేయడానికి వెళ్ళే వ్యోమగామి కథ ఇది. ఆశించినంత వసూళ్ళు రాలేదు. మనకు పెద్ద రాకెట్టు కేంద్రం ఉంది, గొప్ప ట్రిక్ ఫొటోగ్రఫీ ఉంది, అయినా ఇంత ఆలస్యమెందుకు?

ఒక కారణం ఇది. నారదుడు ఎగరడానికి మహిమ చాలు. వ్యోమగామికి నియమం కావాలి. కక్ష్యలో మనిషి తేలుతున్నాడంటే అక్కడ భూమి ఆకర్షణ లేదని కాదు. నౌకా, మనిషీ కలిసి సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగంతో భూమి చుట్టూ పడుతూనే ఉంటారు. దాన్ని స్టూడియోలో చూపాలంటే నటుణ్ణి తీగలకు వేలాడదీయాలి. తర్వాత ఆ తీగలను బొమ్మ బొమ్మలోనూ చెరిపేయాలి. సెకనుకు 24 బొమ్మలు. అంటే నిమిషానికి 1,440. ఈ పనికి డబ్బూ కావాలి, ఓపికా కావాలి.

ఆ ఓపిక ఉన్న చేతులు వైట్‌ఫీల్డ్‌లో ఉండేవి. 1882లో మైసూరు మహారాజు ఆంగ్లో ఇండియన్లకు ఇచ్చిన భూమిలో వెలసిన చిన్న ఊరది. బార్ట్‌లీ సామాజిక వర్గం వాళ్ళు కట్టుకున్న ఆ ఊళ్ళోనే, నూరేళ్ళు గడిచాక సాఫ్ట్‌వేరు భవనాలు లేచాయి. వాటిలో టెక్నికలర్ అనే విదేశీ సంస్థ గ్రాఫిక్స్ స్టూడియోలు పెట్టింది. అంగారకుడి మీద ఒంటరిగా చిక్కుకున్న వ్యోమగామి కథ 'ది మార్షియన్' 2015లో వచ్చింది కదా, దానికి గ్రాఫిక్స్ చేసిన ఎం.పి.సి. ఈ సంస్థ విభాగమే. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ కుప్పకూలింది. భారతదేశంలో వేలమంది ఉద్యోగాలు పోయాయి. రాత్రింబవళ్ళు కూర్చుని ఎవరి కథల్లోనో నక్షత్రాలు దిద్దిన పిల్లలు ఇంటిదారి పట్టారు.

పని నేర్చిన చేయి ఒకటే ఉంటే చాలదు. ఆ చేతికి సొంత కథ కూడా ఉండాలి. మెలియేకీ, కె.వి. రెడ్డిగారికీ రెండూ ఒకచోటే ఉన్నాయి. వైట్‌ఫీల్డ్ పిల్లలకు చేయి ఉంది, కథ మాత్రం దూరదేశం నుంచి వచ్చింది. ఆ దేశంలో కొట్టు మూస్తే ఇక్కడ దీపం ఆరిపోయింది.

ఈసారి అంతరిక్ష చిత్రం చూసినప్పుడు, కథ అయిపోగానే లేచిపోకండి. చివర కదిలిపోయే పేర్లను కాసేపు చదవండి. వాటిలో మీకు తెలిసిన ఇంటిపేర్లు కనిపిస్తాయి. మన కథ అడగవలసింది వాళ్ళనే.