లష్కర్: కవాతు మైదానాల నడుమ బోనం

సికింద్రాబాద్ కంటోన్మెంట్ 1798 నాటి సైన్య సహకార ఒప్పందంతో మొదలైంది. నిజాం అలీఖాన్‌తో ఒప్పందం కుదరగానే ఈస్టిండియా కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన విడిది చేశాయి. ఖర్చు నిజాంది, పెత్తనం కంపెనీది. 1806లో ఆ దండుకు మూడో నిజాం సికిందర్ జా పేరు పెట్టారు. ఆ తర్వాత వందేళ్లూ బారకాసులు, బజార్లు, కవాతు మైదానాలు పెరుగుతూనే వచ్చాయి. 1857 తిరుగుబాటు తర్వాత తిరుమలగిరిలో కందకం తవ్వి బురుజులు లేపారు. 1897 ఆగస్టు 20న ఇక్కడి సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు.

రాస్ పాఠ్యపుస్తకాలకెక్కాడు. సురిటి అప్పయ్య చేసిన పని మాత్రం ఏటా ఆషాఢంలో వీధికెక్కుతుంది. అప్పయ్య పటాలంలో డోలీ బోయీ. గాయపడ్డవారినీ జబ్బుపడ్డవారినీ భుజాన మోయడం అతని కొలువు. ఆలయ కథనం ప్రకారం 1813లో అతని పటాలాన్ని ఉజ్జయినికి పంపారు. అదే సమయంలో ఇక్కడ కలరా చెలరేగింది. ఊరు గట్టెక్కితే అమ్మవారిని లష్కర్‌లో, అంటే ఈ దండులో, నిలుపుతానని అప్పయ్య ఉజ్జయిని మహంకాళికి మొక్కుకున్నాడు. 1815లో తిరిగొచ్చి చెక్క విగ్రహాన్ని ప్రతిష్ఠించాడు. పాత బావి బాగుచేస్తుంటే దొరికిన మాణిక్యాలమ్మకూ పక్కనే చోటిచ్చారు. చెక్క విగ్రహం స్థానంలో రాతి విగ్రహం 1864లో వచ్చింది. నేటికీ అమ్మవారికి బోనాలు సమర్పించిన మర్నాడు జోగిని పచ్చికుండ మీద నిలబడి రంగం అనే భవిష్యవాణి చెబుతుంది. వానలెలా ఉంటాయో, పాలకులు ఏం మరిచారో అమ్మవారి మాటగా వినడానికి అధికారులు సైతం చేతులు కట్టుకుని నిలబడతారు. ఏ జనరల్‌కూ దక్కని దర్జా అది.

1948 సెప్టెంబరులో మేజర్ జనరల్ చౌధురి నడిపిన భారత సేనలతో నిజాం పాలన ముగిసింది. క్రమంగా దండు బడిగా మారింది. చెడిపోయిన ట్యాంకునూ రాడార్‌నూ బాగుచేసే విద్య ఈఎంఈ విభాగానిది. ఆ విభాగపు కేంద్రంలో జవాన్లు, తిరుమలగిరి సైనిక ఇంజినీరింగ్ కళాశాలలో అధికారులు శిక్షణ పొందుతారు. తూటా నుంచి బూటు దాకా సరఫరా చేసే ఏఓసీ వారికీ ఇక్కడ కేంద్రముంది. ఫిరంగి దళం శిక్షణ నగరానికి అవతల గోల్కొండలో సాగుతుంది. 1970లో ఏర్పడిన రక్షణ యాజమాన్య కళాశాలలో త్రివిధ దళాల సీనియర్ అధికారులు మళ్లీ విద్యార్థులవుతారు. యుద్ధంలో కనిపించని చాకిరీకే ఇక్కడ పెద్దపీట.

ఇటీవలి కాలానికి వచ్చేసరికి కథ ఒక దారిన నడవదు. 2022 జూన్ 17న అగ్నిపథ్ నియామక పథకాన్ని వ్యతిరేకిస్తూ సైన్యంలో చేరాలనుకున్న యువకులే సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబెట్టారు. పోలీసు కాల్పుల్లో ఒకరు చనిపోయారు. ఇప్పుడు కంటోన్మెంట్ శిక్షణ కేంద్రాల్లో కవాతు చేసేది నాలుగేళ్ల కొలువుకు వచ్చిన అగ్నివీరులు. మూసేసిన రోడ్ల మీద కాలనీలవారికీ సైన్యానికీ తగవు తెగలేదు. పౌర నివాసాలను నగరపాలక సంస్థలో కలపాలన్న ప్రతిపాదన ఏళ్లుగా నలుగుతోంది. ఎలివేటెడ్ కారిడార్ల కోసం రక్షణ శాఖ భూములివ్వడానికి 2024లో కేంద్రం ఒప్పుకుంది.