పన్నుదారుకు సాయం: ఆదోని, ఎమ్మిగనూరు

పన్ను కట్టేవాళ్లకు లెక్క విడమరిచి చెప్పి, అవసరమైతే వాళ్ల తరఫున కాగితాలు రాసిపెట్టే ఏర్పాటే పన్నుదారు సహాయం. కర్నూలు జిల్లా పడమటి కొసన ఉన్న పత్తి వ్యాపారుల ఆదోనికీ, మగ్గాల ఎమ్మిగనూరుకూ ఈ అవసరం కొత్తది కాదు. సాయం చేసేవాణ్ణి ఎవరు ఎంచాలి, అతని కూలి ఎవరివ్వాలి అన్న తకరారే దీని చరిత్రంతా.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉండి రైతువారీ పద్ధతికి పునాది వేశాడు. ఏటా శిస్తు లెక్క తేల్చే జమాబందీ జరిగేది. రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టాలి. పేరుకు నేరుగా అన్నా, లెక్కల కట్ట మాత్రం కరణం చంకలోనే ఉండేది. తాను కట్టవలసింది ఎంతో తెలియాలంటే రైతు కరణం అరుగు ఎక్కాల్సిందే. మగ్గాలకూ అంగళ్లకూ మొతర్ఫా పన్ను వేరే. శిస్తును నాలుగో వంతు తగ్గించాలని 1807లో మన్రో చేసిన సిఫార్సు ఏళ్ల తరబడి మూలనపడింది. ఆయన మద్రాసు గవర్నరై తిరిగొచ్చాక గానీ దానికి కదలిక రాలేదు. 1827లో ఆదోనికి దగ్గర్లోని పత్తికొండలోనే కలరాతో కన్నుమూశాడు. కరణాల ఉద్యోగం 1984 దాకా సాగింది.

నేతగాళ్లకు దొరికిన ఆసరా వేరు. మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పారు. నూలు, కూలి, అమ్మకం లెక్కలు సంఘం పుస్తకాల్లోకి ఎక్కాయి. 1954లో ఆయనకు పద్మశ్రీ దక్కింది. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80పి సెక్షన్ కుటీర పరిశ్రమల సహకార సంఘాల లాభానికి పూర్తి మినహాయింపు ఇచ్చింది. పన్నుల సంగతి చూసుకునే సామూహిక గుమాస్తా అన్నమాట, ఈ సంఘం!

ఆదోని జిన్నింగ్ మిల్లు యజమానికి ఆడిటర్ ఉంటాడు. చిల్లర అంగడి నడిపేవాడికో? అతని కోసమే కేంద్రం 2006 నవంబరులో అదే చట్టం 139బి సెక్షన్ కింద టాక్స్ రిటర్న్ ప్రిపేరర్ పథకం తెచ్చింది. పట్టభద్రులను పరీక్షతో ఎంచి, తర్ఫీదునిచ్చి, సర్టిఫికెట్ ఇచ్చారు. కొత్త పన్నుదారు రిటర్న్ వేయిస్తే, అతను కట్టిన పన్నులో మొదటి ఏడు 3 శాతం, తర్వాత 2, ఆపైన 1 శాతం ప్రభుత్వమే ప్రిపేరరుకు కమీషన్‌గా ఇస్తుంది. మొదట్లో గరిష్ఠం 1,000 రూపాయలు. వచ్చే కమీషన్ 250 కంటే తగ్గితే మిగతాది పన్నుదారు ఇచ్చుకోవాలి. లోపం ఇక్కడే: పన్ను కట్టేంత ఆదాయం లేకున్నా, డిపాజిట్ వడ్డీ మీద బ్యాంకు కోసుకున్న టీడీఎస్ తిరిగి రావాలంటే రిటర్న్ వేయాల్సిందే. అలాంటివాళ్ల వల్ల ప్రిపేరరుకు కమీషన్ రాదు.

అమెరికా పట్టిన దారి వేరు. అక్కడ 1969 నుంచి వాలంటీర్లు ఉచితంగా రిటర్న్‌లు వేసిపెడుతున్నారు. 1998 చట్టం అల్పాదాయ పన్నుదారులకు సాయపడే ‘క్లినిక్‌’లకు గ్రాంట్లు తెచ్చింది. క్లినిక్ తనవంతుగా సమానమైన సొమ్మో సేవో చూపాలి. దరఖాస్తులు పరిశీలించేవాళ్లు ఏం చూడాలో చట్టమే చెప్పింది: ఎంతమందికి సాయం అందుతుంది, అక్కడ వేరే క్లినిక్ ఉందా, పని నాణ్యత ఎలాంటిది, ఇతర నిధులున్నాయా. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ల సంఖ్య కూడా చూడాలన్నది అందులో మెచ్చుకోదగిన మాట. ఆ లెక్కన అక్కడి తెలుగువాళ్లూ గణనలోకి వస్తారు. మన ప్రిపేరర్ పథకం మాత్రం వ్యక్తులకు సర్టిఫికెట్ ఇచ్చింది. సంఘాలకు గ్రాంటు ఇవ్వలేదు. కాబట్టి దరఖాస్తుల పరిశీలన అన్న ప్రశ్నే ఇక్కడ తలెత్తలేదు.

2017 జులైలో జీఎస్టీ రావడంతో చిన్న వ్యాపారీ ఆడిటర్ ఆఫీసు మెట్లెక్కాడు. పత్తి రైతుకు ఆ తిప్పలు లేవు. అదే ఏడాది నవంబరు నుంచి, రైతు అమ్మిన పత్తి మీద పన్ను రిజిస్టర్డ్ కొనుగోలుదారే కడుతున్నాడు.